నాన్న నిజంగా మెయిల్ పెట్టాడా? ఈమెయిల్‌ నిజాన్ని తేల్చే శాస్త్రం

ఒక కుటుంబ న్యాయస్థానాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. తండ్రి అమెరికాలోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పదేళ్ల కూతురు విజయవాడలో తల్లి దగ్గర, అమ్మమ్మగారింట్లో పెరుగుతోంది. ‘రెండేళ్లలో పాపకు నలభై మెయిళ్లు పెట్టాను, ఒక్కదానికీ జవాబు రాలేదు’ అంటూ తండ్రి ప్రింట్లు దాఖలు చేశాడు. ‘ఒక్కటీ రాలేదు, అవన్నీ కేసు కోసం ఇప్పుడు కూర్చుని తయారు చేసినవి’ అని తల్లి వాదన. అంతేకాదు, పాపను బెదిరిస్తూ తండ్రి రాశాడంటూ ఆమె ఇంకో ప్రింటు చూపించింది. ‘అది నా మెయిల్ ఐడీయే, కానీ రాసింది నేను కాదు’ అన్నాడు తండ్రి. పాపను అడిగితే ఒకటే మాట: ‘నాన్న ఏమీ రాయలేదు.’

ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇది విచిత్రంగా అనిపించినా, ఈమెయిల్ పనిచేసే తీరు తెలిస్తే అందులో వింత ఏమీ ఉండదు.

ఇలాంటి వివాదాలు ఇప్పుడు అరుదు కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి విదేశాలకు వెళ్లిన కుటుంబాల్లో తల్లిదండ్రులు విడిపోతే వారి మధ్య దూరం వేల మైళ్లు. వారం వారం వచ్చి బిడ్డను చూసే వీలుండదు. 2020 జనవరిలో ఇలాంటి ఒక అమెరికా-ఇండియా కేసులోనే సుప్రీంకోర్టు ‘సందర్శన హక్కు’తో పాటు ‘సంప్రదింపు హక్కు’ కూడా ముఖ్యమని చెప్పింది. ఫోను, ఈమెయిల్, వీలైతే వీడియో కాల్ ద్వారా బిడ్డతో మాట్లాడటం ఆ హక్కులో భాగం. అంటే తండ్రి మెయిల్ పెట్టాడా, అది బిడ్డకు చేరిందా అన్నది బిడ్డ సంరక్షణ ఎవరికన్న తీర్పును కూడా ప్రభావితం చేయగల ప్రశ్న. తండ్రి స్థానంలో తల్లి ఉన్నా లెక్క ఇదే.

కవరు మీద ఒకటి, లోపల ఒకటి

ఈమెయిల్‌ను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేసే పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. దాని నియమాలను జొనాథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రచురించారు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు ఎక్కువగా విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధకులు. ఒకరి పేరుతో మరొకరు రాస్తారన్న అనుమానానికి ఆ నియమాల్లో చోటు లేదు. ఆ అమాయకత్వపు ఫలితాన్ని లోకం ఇప్పటికీ అనుభవిస్తోంది.

పోస్టులో వచ్చే ఉత్తరంతో పోల్చి చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పోస్ట్‌మ్యాన్ చూసేది కవరు మీది చిరునామా. లోపలి కాగితం మీద ‘ఇట్లు, మీ నాన్న’ అని ఎవరు సంతకం చేశారో అతనికి పట్టదు. ఈమెయిల్‌కూ ఇలాగే రెండు పొరలు. సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు ఇచ్చుకునే చిరునామాలు కవరు లాంటివి. తెర మీద ‘ఫ్రమ్’ అని కనిపించేది లోపలి కాగితం మీది రాత. ఫ్రమ్ గడిలో ఏ పేరు, ఏ చిరునామా కావాలంటే అది రాయవచ్చు, ఎస్‌ఎంటీపీ దానికి అడ్డు చెప్పదు. కాబట్టి ఫ్రమ్ లైనులో తండ్రి చిరునామా ఉండటం ఒక్కటే ఏ సంగతినీ రుజువు చేయదు.

ప్రింటు విలువ ఇంకా తక్కువ. బ్రౌజర్‌లో ఏ పేజీనైనా తెరిచి, వెబ్ డెవలపర్లు వాడే ‘ఇన్‌స్పెక్ట్’ సౌకర్యంతో తెర మీది అక్షరాలను నిమిషంలో మార్చి స్క్రీన్‌షాట్ తీయవచ్చు. ‘హ్యాపీ బర్త్‌డే బంగారం’ అన్న చోట బెదిరింపు పెట్టడానికి హ్యాకర్ అక్కర్లేదు, ఇంటర్మీడియట్ పిల్లవాడు చాలు. ఫార్వర్డ్ చేసిన మెయిల్ కూడా అసలు మెయిల్ కాదు. ఫార్వర్డ్ నొక్కగానే కొత్త మెయిల్ పుడుతుంది, పాతదాని ప్రయాణ వివరాలు అందులోకి రావు.

మరి తండ్రి ‘సెంట్’ ఫోల్డర్? చాలామంది దాన్నే గట్టి సాక్ష్యం అనుకుంటారు. నిజానికి సెంట్ ఫోల్డర్ కూడా ఇంట్లో బీరువా లాంటిదే. పెట్టెలోని మెయిళ్లను ఫోన్లు, కంప్యూటర్లు అందుకోవడానికి వాడే ఐమ్యాప్ పద్ధతిలో ‘అపెండ్’ అనే ఆదేశం ఉంది. దాంతో ఒక సందేశాన్ని ఎవరికీ పంపకుండానే, పాత తేదీతో సహా, ఏ ఫోల్డర్‌లోనైనా పెట్టేయవచ్చు. పాత మెయిళ్లను ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునేవారి కోసం పెట్టిన మామూలు సౌకర్యం ఇది. సెంట్ ఫోల్డర్‌లో నలభై మెయిళ్లు ఉన్నాయంటే అక్కడ నలభై ఉన్నాయని మాత్రమే అర్థం.

అసలు సాక్ష్యం ఉండేది చేరిన చోట. అంటే పాప మెయిల్ పెట్టెలో.

కింది నుంచి పైకి చదవాలి

ప్రతి మెయిల్‌కూ తెర మీద కనిపించని ‘హెడర్’ ఒకటి ఉంటుంది. జీమెయిల్‌లో కంప్యూటర్ మీద మెయిల్ తెరిచి మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే అది బయటపడుతుంది. మొదటిసారి చూసినవారికి అర్థంలేని అక్షరాల గుట్టలా కనిపిస్తుంది. అందులో ముందుగా వెతకాల్సినవి ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే లైన్లు.

మెయిల్ దారిలో తగిలిన ప్రతి సర్వరూ ‘ఫలానా యంత్రం నుంచి, ఫలానా సమయానికి నాకు అందింది’ అని ఒక రిసీవ్డ్ లైను రాస్తుంది. కొత్త లైను ఎప్పుడూ పైన చేరుతుంది. అందుకే ప్రయాణాన్ని తెలుసుకోవాలంటే కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే పైన ఉండేవి అందుకున్న సర్వర్ స్వయంగా రాసినవి. వాటిని పంపినవాడు ముట్టుకోలేడు. కింద ఉన్నవి మాత్రం మోసగాడు ముందే రాసి పంపినవి కూడా కావచ్చు. నమ్మదగిన లైను ఎక్కడ మొదలవుతుందో గుర్తించడమే పరిశోధకుడి మొదటి పని. తిరువనంతపురంలోని సీ-డాక్ కేంద్రం ఇలాంటి హెడర్ విశ్లేషణ కోసం ‘ఈమెయిల్ ట్రేసర్’ అనే సాధనాన్ని తయారుచేసింది.

హెడర్‌లో పంపినవారి ఐపీ చిరునామా దొరుకుతుందని, దాన్నిబట్టి ఊరు తెలుస్తుందని సినిమాల్లో చూపిస్తారు. ఒకప్పుడు అది కొంత నిజం. ఇప్పుడు జీమెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి పంపిన మెయిల్‌లో పంపినవారి ఐపీ చిరునామా ఉండదు, గోప్యత కోసం కంపెనీయే దాన్ని బయటకు పంపదు. అది కంపెనీ లాగ్‌లలో మాత్రమే ఉంటుంది.

అబద్ధం చెప్పలేని గడియారం

దొంగ మెయిల్ తయారుచేసేవారు మాటల మీద పెట్టిన శ్రద్ధ గడియారం మీద పెట్టరు. భారతదేశంలో ఏడాది పొడవునా ఒకటే సమయం. హెడర్‌లో అది +0530 అని కనిపిస్తుంది. అమెరికాలో చాలా ప్రాంతాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తాయి. డాలస్‌లో వేసవిలో -0500, చలికాలంలో -0600. జీమెయిల్ సర్వర్లు రిసీవ్డ్ లైన్లలో కాలిఫోర్నియా సమయం రాస్తాయి. అది వేసవిలో -0700, చలికాలంలో -0800.

విజయవాడలో జనవరి 5 రాత్రి 9 గంటల 30 నిమిషాలకు మెయిల్ చేరిందనుకుందాం. అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం అప్పుడు సాయంత్రం 4 గంటలు. డాలస్‌లో ఉదయం 10, కాలిఫోర్నియాలో ఉదయం 8. నిజమైన హెడర్‌లో ‘08:00, -0800’ అని ఉండాలి. దాని బదులు ‘09:00, -0700’ అని ఉంటే గణితపరంగా రెండూ ఒకే క్షణం. కానీ జనవరిలో కాలిఫోర్నియా గడియారం -0700 చూపించదు. ఎవరో జూలై నాటి మెయిల్ హెడర్‌ను కాపీ చేసి తేదీ మార్చి ఉంటారన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

ఇది పుస్తకాల్లోని ఉదాహరణ మాత్రమే కాదు. ఫేస్‌బుక్‌లో పెద్ద వాటా తనదేనంటూ 2010లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఒక వ్యాపారి మార్క్ జుకర్‌బర్గ్ మీద దావా వేశాడు. జుకర్‌బర్గ్‌తో నడిపిన పాత మెయిళ్లని కొన్నిటిని కోర్టుకు ఇచ్చాడు. అవి అసలు మెయిళ్లు కావు, వర్డ్ ఫైళ్లలో అతికించి దాచుకున్న అక్షరాలు. 2003 అక్టోబరు 26 నుంచి 2004 ఏప్రిల్ 4 వరకు అమెరికా తూర్పు ప్రాంతంలో చలికాలపు సమయం, అంటే -0500 నడిచింది. ఆ మధ్యకాలపు మెయిళ్ల మీద కూడా వేసవి సమయమైన -0400 ఉందని ఫోరెన్సిక్ నిపుణులు చూపించారు. ఇతర లోపాలు కూడా బయటపడటంతో 2014లో కోర్టు ఆ దావాను కొట్టివేసింది.

2017లో పాకిస్తాన్‌లో పనామా పత్రాల కేసులోనూ ఇలాంటి కాలదోషమే పెద్ద చర్చ అయింది. 2006 నాటిదని చూపిన పత్రం ‘క్యాలిబ్రి’ ఫాంట్‌లో ఉంది. ఆ ఫాంట్ 2007 జనవరి చివరలో గాని సాధారణ వాడకందారులకు అందుబాటులోకి రాలేదని దర్యాప్తు బృందం ఎత్తిచూపింది.

గడియారం సరిపోయినంత మాత్రాన మెయిల్ నిజమైపోదు. సరిపోకపోతే మాత్రం జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి పుడుతుంది. ఒక జాగ్రత్త: ‘డేట్’ అనే లైను పంపినవారి పరికరం రాసేది. ఆ ఫోను గడియారమే తప్పుగా ఉంటే మెయిల్ నిజమైనదే అయినా ఆ తేదీ తప్పుగా వస్తుంది. సర్వర్ రాసిన సమయాన్నీ పరికరం రాసిన సమయాన్నీ కలిపి ఒకే గాటన కట్టడం చాలా నివేదికల్లో కనిపించే పొరపాటు.

సర్వర్ వేసే లక్క ముద్ర

ఎస్‌ఎంటీపీలోని అమాయకత్వానికి విరుగుడుగా మూడు ఏర్పాట్లు వచ్చాయి. మొదటిది ఎస్‌పీఎఫ్. ‘మా పేరుతో మెయిల్ పంపే అర్హత ఈ యంత్రాలకే ఉంది’ అని ప్రతి డొమైన్ ఇంటర్నెట్ చిరునామాల పట్టిక అయిన డీఎన్ఎస్‌లో ప్రకటించుకుంటుంది. మూడోది డీమార్క్. మొదటి రెండు తనిఖీలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో, తెర మీది ఫ్రమ్ చిరునామాతో వాటికి పొంతన ఉందో లేదో చూసేది అది. మధ్యలోని రెండోది డీకిమ్. కోర్టు సాక్ష్యం దృష్టితో చూస్తే దీనికే అందరికంటే పెద్దపీట.

డీకిమ్ ప్రమాణం 2007లో వచ్చింది. పాతకాలంలో ఉత్తరం మడిచి లక్క పోసి ముద్ర వేసేవారు. ఉత్తరాన్ని దారిలో ఎవరైనా తెరిస్తే లక్క పగిలేది. డీకిమ్ చేసేది అదే పని, గణితంతో. పంపే సర్వర్ మొదట మెయిల్ లోపలి పాఠాన్ని ‘హ్యాష్’ చేస్తుంది. సాధారణంగా వాడే షా-256 పద్ధతిలో ఎంత పొడవైన పాఠమైనా 256 బిట్ల సంఖ్యగా మారుతుంది. ఒక కామా తీసేసినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రెండు వేర్వేరు పాఠాలకు ఒకే సంఖ్య వచ్చేలా కావాలని కుదర్చడం ఇప్పటివరకు ఎవరివల్లా కాలేదు. ఆ సంఖ్యతో పాటు ఫ్రమ్, టు, తేదీ, విషయం వంటి లైన్లను కూడా కలిపి, సర్వర్ తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళంచెవి డీఎన్ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. విజయవాడలో ఉన్న నిపుణుడు డాలస్‌లో ఎవరినీ అడగనక్కర్లేదు. అసలు మెయిల్ ఫైలు చేతిలో ఉంటే చాలు, లెక్క సరిపోయిందో లేదో తనే చూసుకోవచ్చు.

బెదిరింపు మెయిల్ విషయంలో ఇది చాలా దూరం తీసుకువెళుతుంది. పాప పెట్టెలోని అసలు ఫైలు మీద జీమెయిల్ డీకిమ్ సంతకం సరిపోయిందంటే, ఆ మాటలన్నీ, అదే క్రమంలో, తండ్రి జీమెయిల్ చిరునామాతో జీమెయిల్ సర్వర్ల నుంచే బయలుదేరాయి. తర్వాత ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. ఇక దాన్ని తల్లి టైపు చేసి సృష్టించిందని అనడానికి వీల్లేదు, ఆమె తండ్రి ఖాతాలోకి వెళ్లగలిగి ఉంటే తప్ప. ఆ ‘తప్ప’ చిన్నది కాదు. దాని సంగతి తర్వాత.

సంతకంలో ‘సెలెక్టర్’ అనే చిన్న భాగం ఉంటుంది. ఏ తాళంచెవి వాడారో చెప్పే పేరు అది. జీమెయిల్ తన సెలెక్టర్లకు తేదీల్లాంటి పేర్లు పెడుతుంది, ఉదాహరణకు 20230601. తాళాలను అప్పుడప్పుడూ మారుస్తుంది కూడా. 2019లో వచ్చిందని చెబుతున్న మెయిల్‌లో 20230601 సెలెక్టర్ కనిపిస్తే క్యాలిబ్రి ఫాంట్ కథ మళ్లీ మొదలైనట్టే.

తాళం మార్చడంలో ఇంకో చిక్కు ఉంది. పాత బహిరంగ తాళాన్ని డీఎన్ఎస్ నుంచి తీసేస్తే, నిజమైన పాత మెయిల్‌ను కూడా సరిచూడటం కష్టం. ఆ తాళం ఎక్కడో భద్రపరిచి ఉండాలి. అందుకే వివాదం వస్తుందని అనిపించినప్పుడే సరిచూసి నివేదిక రాయించుకోవడం మేలు. తాళం పొడవూ ముఖ్యమే. 2012లో అమెరికాకు చెందిన ఒక గణితజ్ఞుడు తనకొచ్చిన ఉద్యోగ ప్రస్తావన మెయిల్‌ను పరిశీలిస్తూ, గూగుల్ అప్పట్లో కేవలం 512 బిట్ల తాళం వాడుతోందని గమనించాడు. అద్దె కంప్యూటర్లతో కొద్ది రోజుల్లోనే దాన్ని ఛేదించాడు. ఆ తర్వాత కంపెనీ పొడవైన తాళాలకు మారింది.

సంతకం సరిపోకపోతే? అది దొంగ మెయిల్ అని తొందరపడకూడదు. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ మెయిల్ చివర ఒక లైను చేర్చినా, మరో పెట్టె నుంచి ఆటోమేటిక్‌గా మళ్లించేటప్పుడు పాఠం మారినా లక్క పగులుతుంది. అలాగే సంతకం సరిపోయిన మెయిల్‌లోనూ ‘టు’ లైను సంతకంలో చేరిందా అని చూడాలి. తండ్రి కోపంలో తన తమ్ముడికి రాసిన నిజమైన మెయిల్‌ను ఎవరో పాపకు రాసినట్టు చూపించే వీలు ఉండకూడదు కదా.

పంపడం, చేరడం, చదవడం

ఇప్పుడు నలభై మెయిళ్ల దగ్గరికి వద్దాం. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ఈ తేడాను చక్కగా పట్టుకుంది. సందేశం పంపినవారి అదుపులో లేని కంప్యూటర్‌లోకి ప్రవేశించినప్పుడు ‘పంపినట్టు’. అందుకునేవారి కోసం నిర్ణయించిన కంప్యూటర్‌లోకి ప్రవేశించినప్పుడు ‘అందినట్టు’. చదవడం గురించి ఆ సెక్షన్‌లో మాట లేదు.

సాంకేతికంగా జరిగేది ఇదీ. తండ్రి సర్వర్ పాప సర్వర్‌ను పలకరిస్తుంది. అంతా బాగుంటే అవతలి సర్వర్ 250 అనే సంఖ్యతో జవాబిస్తుంది, ‘తీసుకున్నాను, ఇక బాధ్యత నాది’ అని దాని అర్థం. అలాంటి చిరునామా లేకపోతే 550 అంటుంది. తాత్కాలిక ఇబ్బంది అయితే 4తో మొదలయ్యే సంఖ్య వస్తుంది, పంపే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించి గాని వదిలేయకూడదని ప్రమాణం చెబుతుంది. చివరికి చేరకపోతే ‘డెలివర్ కాలేదు’ అనే మెయిల్ తండ్రికి తిరిగి వస్తుంది. నలభై మెయిళ్లకూ అలాంటి తిరుగుటపా ఒక్కటీ రాకపోతే అవి చేరాయనడానికి అది కొంత బలం. పాప చిరునామాలో ఒక అక్షరం తప్పు కొట్టి, ఆ తప్పు చిరునామా నిజంగానే ఇంకెవరిదో అయితే తిరుగుటపా రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

250 జవాబు వచ్చాక కూడా మెయిల్ కనబడకుండా పోయే దారులు చాలా ఉన్నాయి. స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఉండవచ్చు. జీమెయిల్ స్పామ్‌లో, ట్రాష్‌లో పడినవి 30 రోజుల తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. పదేళ్ల పిల్లలు స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడరు. లేదా పాప పెట్టెలో ఎవరో ‘ఫిల్టర్’ పెట్టి ఉండవచ్చు: ఫలానా చిరునామా నుంచి వస్తే చదివినట్టు గుర్తుపెట్టి, ట్రాష్‌లో వెయ్యి. అలాంటి ఫిల్టర్ ఒకటి చాలు. తండ్రి నలభై మెయిళ్లు పెట్టడమూ నిజమే, పాపకు ఒక్కటీ కనబడకపోవడమూ నిజమే అవుతుంది. ఫిల్టర్ పెట్టినది తాతయ్యో మేనమామో అయితే తల్లి మాట కూడా ఆమెకు తెలిసినంతలో నిజమే. ఫిల్టర్‌ను తీసేయనంతవరకు అది సెట్టింగ్స్‌లో కనబడుతుంది. అందుకే పాప ఖాతాను పరిశీలించే నిపుణుడు ఇన్‌బాక్స్ కంటే ముందు ఆ పేజీని నమోదు చేసుకోవాలి.

‘మెయిల్ తెరిచినట్టు నా దగ్గర నోటీసు ఉంది’ అనే వాదన ఇంకొకటి. చదివినట్టు రసీదు పంపాలా వద్దా అన్నది అందుకునేవారి ఇష్టం, చాలా యాప్‌లు అసలు పంపవు. మెయిల్‌లో కంటికి కనబడని చిన్న బొమ్మ దాచి, అది డౌన్‌లోడ్ అయితే తెరిచినట్టు లెక్కగట్టే పద్ధతి ఒకప్పుడు పనిచేసేది. 2013 చివరి నుంచి జీమెయిల్ బొమ్మలను తన సర్వర్ల ద్వారానే తెప్పిస్తోంది. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యతా రక్షణ పెట్టుకున్నవారికి, మెయిల్ తెరవకపోయినా బొమ్మ ముందే డౌన్‌లోడ్ అవుతుంది. పాప కళ్లు ఆ మెయిల్ మీద పడ్డాయని ఇవేవీ చెప్పలేవు.

ఖాతా ఎవరిదో తెలిసింది, వేళ్లు ఎవరివి?

డీకిమ్ సాక్ష్యం చెప్పేది డొమైన్ గురించి, మహా అయితే ఖాతా గురించి. కీబోర్డు ముందు కూర్చున్నది ఎవరో అది చెప్పదు. దంపతుల వివాదాల్లో ఇది మామూలు అనుమానం కాదు. పదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికి ఒకరి పాస్‌వర్డ్ మరొకరికి తెలిసి ఉండటం సహజం. ఇంట్లో వదిలి వెళ్లిన పాత ల్యాప్‌టాప్‌లో భర్త ఖాతా ఇంకా లాగిన్ అయి ఉండవచ్చు. విచిత్రమేమిటంటే చట్టం కూడా ఇక్కడే ఆగుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 90వ సెక్షన్ ప్రకారం, అందిన మెయిల్ పంపినవారి కంప్యూటర్‌లో ఎక్కించిన సందేశమేనని కోర్టు భావించవచ్చు. దాన్ని పంపిన వ్యక్తి ఎవరన్నది మాత్రం ముందే ఊహించుకోకూడదు. పాత సాక్ష్య చట్టంలోని 88-ఎ సెక్షన్‌లోనూ ఇదే ఉండేది.

ఈ ఖాళీని పూరించడానికి చుట్టుపక్కల ఆనవాళ్లు కావాలి. ఖాతా భద్రతా పేజీలో ఏ పరికరం నుంచి, ఏ ప్రాంతం నుంచి లాగిన్ జరిగిందో కొంతకాలం కనిపిస్తుంది. తండ్రి తన ఖాతాను తానే తెరిచి ఆ వివరాలు, పెట్టె మొత్తం కాపీ డౌన్‌లోడ్ చేసి ఇవ్వవచ్చు. బెదిరింపు మెయిల్ వెళ్లిన సమయానికి డాలస్‌లో తెల్లవారుజామున మూడు గంటలై, లాగిన్ విజయవాడ నుంచి జరిగి ఉంటే కథ మారిపోతుంది. అయితే వీపీఎన్ వాడితే ఊరు తప్పుగా కనిపిస్తుందని మరచిపోకూడదు. కంపెనీ నుంచే లాగ్‌లు తెప్పించడం కష్టమైన దారి. భారత్-అమెరికాల మధ్య పరస్పర న్యాయ సహాయ ఒప్పందం ఉంది, కానీ అది నేర కేసుల కోసం. సివిల్ కేసులో అడిగినవారికి మెయిళ్ల లోపలి పాఠాన్ని ఇవ్వకుండా 1986 నాటి అమెరికా చట్టం కంపెనీలను అడ్డుకుంటుంది.

శైలి కూడా ఆనవాలే. 18వ శతాబ్దపు అమెరికన్ ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల్లో 12 ఎవరు రాశారన్న వివాదాన్ని 1964లో మోస్టెల్లర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు పరిశీలించారు. పెద్ద పెద్ద మాటలను వదిలేసి, రాసేవారు గమనించకుండా వాడే చిన్న చిన్న పదాలను లెక్కపెట్టి, వాటిని మాడిసన్ రాశారని తేల్చారు. తెలుగువారి మెయిళ్లలో ఇలాంటి జాడలకు కొదవలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు దీర్ఘానికి ఒకరు అక్షరాన్ని రెండుసార్లు కొడతారు, ఇంకొకరు ఒకసారే. పాపను ఒకరు ‘చిన్నీ’ అని, మరొకరు ‘కన్నా’ అని పిలుస్తారు. కానీ ఫెడరలిస్ట్ వ్యాసాలు వేల పదాలవి. నాలుగు లైన్ల మెయిల్‌ను బట్టి శైలి నిపుణుడు గట్టిగా ఏదైనా చెబితే నమ్మకపోవడమే మంచిది. పైగా పదేళ్లు కాపురం చేసినవారికి ఒకరి రాతను మరొకరు అనుకరించడం పెద్ద పని కాదు.

కోర్టు ముందుకు ఎలా తేవాలి

కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984లోని 14వ సెక్షన్ ఈ కోర్టులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. మామూలు సాక్ష్య నియమాల్లో ఇమడకపోయినా, వివాదం తేల్చడానికి ఉపయోగపడుతుందనుకున్న పత్రాన్ని స్వీకరించవచ్చు. స్వీకరించడం వేరు, నమ్మడం వేరు. అవతలి పక్షం ‘అది దొంగ కాగితం’ అన్నాక ప్రింటుకు బలం ఉండదు.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం 2020 జూలైలో స్పష్టం చేసింది. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో చూపితే అక్కర్లేదు. కానీ మెయిల్ ఉన్నది విదేశీ సర్వర్‌లో, దాన్ని మోసుకు రాలేరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రానికి రెండు భాగాలు. ఒకటి ఆ రికార్డు తెచ్చినవారు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువను అందులో రాయాలి. డీకిమ్‌లో సర్వర్ చేసిన పనినే ఇక్కడ కాగితం మీద మనిషి చేస్తున్నాడన్నమాట. రేపు ఎవరైనా ఫైలులో ఒక అక్షరం మార్చితే హ్యాష్ సరిపోదు.

మరి ఇంటి దగ్గర చేయగలిగింది? మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకుండా, ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’తో అసలు ఫైలును దించుకోవాలి. దాన్ని తెరిచి సేవ్ చేయకుండా కాపీ భద్రపరచాలి. హ్యాష్ విలువ తీసి తేదీతో రాసుకోవాలి. పెట్టెలోని మెయిల్‌ను తొలగించకూడదు. అవతలివారి ఖాతాలోకి తొంగిచూసి సాక్ష్యం తెద్దామనుకోవడం మాత్రం ప్రమాదం. అనుమతి లేకుండా ప్రవేశించడం, మరొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడటం సమాచార సాంకేతిక చట్టం కింద నేరాలు, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

పాప ఖాతా విషయంలో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే, కోర్టు సూచించిన నిపుణుడు ఒక్కసారి పెట్టె మొత్తం కాపీ తీసి, ఫిల్టర్ల పేజీని, లాగిన్ల పేజీని నమోదు చేసుకుంటే సరిపోతుంది. నాన్న రాశాడా లేదా అని ప్రతి వాయిదాకూ పాపను అడగనక్కర్లేదు. ఆలస్యం మాత్రం పనికిరాదు. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. మెయిళ్లేవీ రావడం లేదని పాప తెరవడం మానేసిన ఖాతా, లోపల నలభై మెయిళ్లతో సహా, ఆ జాబితాలో చేరిపోవచ్చు.